భుజం దగ్గరి కుట్టు

పీతలతో నాకు నలభై ఏళ్ళ పరిచయం. ఒక పీత నా ఎడమకాలి చెప్పు ఎత్తుకుపోయి, మరుసటి ఏడు కుడికాలి చెప్పు కోసం మళ్ళీ వచ్చిందని చెబితే మా ఆవిడ తప్ప అందరూ నమ్మారు. కాబట్టి ఇప్పుడు చెప్పేది నిజమని ఒట్టు వేసినా లాభం లేదు. చెప్పేస్తాను, ఆపైన మీ ఇష్టం.

ఆదివారం పొద్దున్న నీళ్ళు వెనక్కి తీయగానే అఖాతం ఒడ్డున బురద బయటపడుతుంది. సరదాకి గుల్లలు తవ్వుకునేవాళ్ళు చిన్న పారలతో, పీతలు పట్టుకునేవాళ్ళు బకెట్లతో దిగుతారు. నాతో ఎప్పుడూ మా బావమరిది వస్తాడు. దర్జీ. మెడలో టేపు లేకుండా అతన్ని చూసింది వాళ్ళమ్మ ఒక్కతే, అదీ పుట్టిన రోజున. టేపు పక్కనే దారానికి బుల్లి కత్తెర వేలాడుతుంటుంది. అరచేయి వెడల్పు లేని పీతను ఇంటికి తీసుకుపోకూడదని అక్కడి కట్టుబాటు. దొరికిన ప్రతి పీతనూ పెళ్ళికొడుకును కొలిచినట్టు కొలిచి, సగానికి పైగా నీళ్ళలోకి సాగనంపుతాడు.

ఆ రోజు నా ఒంటిమీద అతను కుట్టిన కొత్త చొక్కా ఉంది.

"గుల్లల అంచులు కోసేస్తాయి బావా. చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టుకో."

"బిగుతుగా ఉందిరా."

"దాన్ని ఫిట్టింగు అంటారు. నా కుట్టు ఏనుగు లాగినా ఊడదు."

"ఏనుగుకి చొక్కా ఎప్పుడు కుట్టావురా?"

"నీకు కుట్టాక ఏనుగొక లెక్కా?"

ఒడ్డు కోసుకుపోకుండా అక్కడ పాత కాంక్రీటు దిమ్మలు పడేశారు. ఒక్కొక్కటి బీరువాంత ఉంటుంది. వాటి అడుగున ఒక కలుగు కనిపించింది. బురదలో పక్కకు పడుకుని చెయ్యి పెట్టాను. కలుగు లోపలికి పోయేకొద్దీ పైకి లేచింది. నేనూ భుజం దాకా దూర్చాను. లోపల ఎవరో నా చూపుడువేలు పట్టుకున్నారు.

"పట్టానురా!"

"నువ్వు పట్టావా, అది పట్టిందా?"

నా మొహం చూసి అతనికి జవాబు అందింది.

పీత పట్టినప్పుడు లాగకూడదు. లాగితే ఇంకా నొక్కుతుంది, వేలు విరుగుతుంది. కదలకుండా ఉంటే, నీళ్ళు తగలగానే దానంతటదే వదిలేసి మేతకు పోతుంది. ఇది అందరికీ తెలిసిందే. బావమరిది బకెట్టుతో నీళ్ళు పోశాడు. ఎగువ కలుగు కదా, పోసినవి పోసినట్టే నా చంకలోకి తిరిగొచ్చాయి. ఇక పోటు రావాలి. అప్పటికే బురద మీద గీతల్లా నీళ్ళు పాకుతున్నాయి.

అతను టేపు తీశాడు. నా చెయ్యి పొడవు అతనికి నోటికొచ్చు. కలుగు వాలు చూశాడు, నా నోటి ఎత్తు కొలిచాడు.

"కంగారు లేదు బావా. పీత ముందు తడుస్తుంది, నీ నోరు తర్వాత. రెండంగుళాలు మిగులు."

"నువ్వు కొలిచిన చొక్కా నాకు ఏనాడైనా సరిపోయిందట్రా?"

"పొట్ట దాచుకోవడానికి ఊపిరి బిగబట్టి కొలతలిస్తే ఎలా సరిపోతుంది? ఇప్పుడూ అలాగే బిగబట్టు."

నవ్వు వచ్చింది. నవ్వితే చెయ్యి కదిలింది. కదిలితే పీత నొక్కింది. ఆ తర్వాత నేను నవ్వలేదు.

నీళ్ళు నడుము తడిపాయి, పొట్ట తడిపాయి. దూరంగా గొడుగు కింద కూర్చున్న జంటను చూసి ఎడమ చెయ్యి ఊపాను. వాళ్ళూ మర్యాదగా ఊపారు. నాకు పొద్దుపోవాలని బావమరిది చెప్పు కథ ఎత్తుకున్నాడు. అందులో పీతకు బదులు కుక్కను పెట్టాడు! నా కథను నా చెవి పక్కనే చంపుతున్నాడు, దిద్దబోతే చెయ్యి కదిలి పీత నొక్కుతుంది. నా బతుకులో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే.

నీళ్ళు గడ్డానికి వచ్చాయి. వేలి మీద బరువు తగ్గింది. కాసేపటికి కలుగులోంచి పీత బయటికొచ్చి, కళ్ళు నిక్కించి నన్నొకసారి చూసి, నా ముక్కు ముందునుంచే వెళ్ళిపోయింది.

"వదిలింది! లాగు బావా!"

లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. వేళ్ళు అయిదూ ఆడుతున్నాయి, చెయ్యి మాత్రం రావడం లేదు. అప్పటిదాకా భయపడ్డాననుకున్నాను. భయం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"ఎక్కడ పట్టింది?"

"మణికట్టు దగ్గర. దిమ్మలోంచి ఇనప చువ్వ పొడుచుకొచ్చింది. చొక్కా చేతిలోకి దూరింది. గుండీ అడ్డం."

"గట్టిగా లాగు, గుండీ ఊడిపోతుంది."

"ఊడుతుందట్రా నీ గుండీ?"

అతని మొహం తెల్లబోయింది. "ఆరు పేటల దారం వేశాను బావా."

నీళ్ళు కింది పెదవి దాటాయి. కలుగులో గుండీ దాకా ఇంకో చెయ్యి పట్టదు. అతను కత్తెర తెంపుకుని నా పక్కన నీళ్ళలోకి వంగాడు. నా భుజం దగ్గర కుట్టు తడుముతూ, "రెండు వరసలు..." అన్నాడు. ఆ మాట తర్వాత నాకు ఆకాశం కనిపించలేదు. చెవి పక్కన బట్ట తెగుతున్న చప్పుడు వినిపించింది. ఒక్కో కుట్టూ ఒక్కో పండగలా ఆలస్యంగా వచ్చింది. ఛాతీలో గాలి అయిపోయింది. నోరు తెరిచేద్దామనుకున్న క్షణంలో చెయ్యి చొక్కాలోంచి జారి బయటపడింది. అతను నా కాలరు పట్టుకుని పైకి ఈడ్చాడు.

దగ్గి దగ్గి కూర్చున్నాక, "కాలరు ఊడలేదు, చూశావా?" అన్నాను. అతను నవ్వలేదు.

ఇంట్లో మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది. "చొక్కాకి ఒక చెయ్యి ఏదీ?"

నేను నోరు తెరవకముందే బావమరిది అందుకున్నాడు. "అక్కా, పీత పట్టుకుంటే..."

"మీ బావ గాలి నీకూ సోకిందా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం నీళ్ళు తీసినప్పుడు ఇద్దరం వెళ్ళాం. నేను దూరంగానే నిలబడ్డాను. అతను కలుగులోకి చెయ్యి పెట్టి, చొక్కా చేతి కొస అందుకుని, కాలు దిమ్మకు తన్నిపెట్టి లాగాడు. రాలేదు. గుండీ పెట్టుకుని అక్కడే ఉంది. అంతకుముందైతే తన కుట్టు గొప్ప అఖాతం అవతలి ఒడ్డుకి కూడా వినిపించేది. ఇప్పుడు అతను మెడలోంచి టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు.