మూత పడేలోగా

లియెన్ అక్క తెల్లవారుజామున పోయింది. మా సందులో ఆమె ఇంటికీ నా ఇంటికీ ఒకటే గోడ. నేను బుద్ధుడి ముందు వెలిగించే అగరొత్తుల పొగ ఆమె వంటింట్లోకి పోయేది. ఆమె చేపల పులుసు వాసన నా పూజ గదిలోకి వచ్చేది. ఆ విషయమై మేమెప్పుడూ మాటా మాటా అనుకోలేదు.

దీపాలు పెట్టే వేళలోగా శవపేటిక మూత పడాలని కర్మ చేయించే పెద్దాయన ముహూర్తం చెప్పాడు. ఆస్ట్రేలియాలో ఉండే ఆమె చెల్లెలు కుయెన్, అక్కకు జబ్బు ముదిరిందని విని అప్పటికే విమానం ఎక్కేసింది.

లియెన్ అక్క కొడుకు తాన్ నా దగ్గరికి వచ్చాడు.

"హావ్ బాబాయ్, ఈ వానలో కారు పంపితే పిన్ని రేపటికి వస్తుంది. మీ స్కూటరే దిక్కు. అమ్మ మొహం ఒక్కసారి చూడనివ్వండి ఆవిణ్ణి."

విమానాశ్రయం బయట కుయెన్ చేతిసంచిని గుండెకు అదుముకుని నిలబడి ఉంది. అక్క పోయిందని చెప్పాను. ఆమె ఏడవలేదు. సంచిలో ఊలు శాలువా ఉందనీ, అక్క చలి మనిషి కాబట్టి తనే అల్లాననీ చెప్పింది.

"పేటికలో కప్పనిస్తారా అన్నా?"

"ఎందుకు కప్పనివ్వరమ్మా. ఎక్కు."

సైగాన్‌లో ఆ సాయంత్రం రోడ్డు కనబడలేదు. కనబడినంత మేరా హెల్మెట్లూ, రెయిన్‌కోట్లూ, పొగా. ఆమె నా చొక్కా వెనక నుంచి పిడికిట పట్టుకుంది.

"అన్నా, ఎదురుగా బస్సు."

"చూశానమ్మా. అది కూడా మనల్ని చూసింది."

సిగ్నల్ దగ్గర ఒక కుర్రాడు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు.

"ఏం తాతా, పెళ్ళికూతుర్ని ఊరేగిస్తున్నావా? పక్కకి జరుగు."

"ఊరేగింపైతే నిన్నూ పిలిచేవాణ్ణి నాయనా. చావింటికి పోతున్నాం."

వాడు చెయ్యి తీసేశాడు. తనే ముందు బళ్ళవాళ్ళ మీద అరిచి మాకు దారి ఇప్పించాడు. మేం ఫుట్‌పాత్ ఎక్కి, నూడిల్స్ బండి చుట్టూ తిరిగి, మళ్ళీ రోడ్డులో పడ్డాం.

నా చొక్కా మీద ఆమె పిడికిలి ఇంకా వదులు కాలేదు. మాటల్లో పెడదామని అక్క గురించి అడిగాను.

"నేను కొత్త సంవత్సరం పండక్కి నాలుగు రోజుల ముందు పుట్టాను అన్నా. పండగ బియ్యం ముద్దలు అరిటాకుల్లో చుట్టి పొయ్యి మీద పెట్టగానే అమ్మకు నొప్పులొచ్చాయట. రాత్రంతా అక్కే ఆ కుండలో నీళ్ళు పోస్తూ కూర్చుంది, చిన్నపిల్ల. నీ వల్ల నా నిద్ర పోయిందే అని ఇప్పటికీ అంటుం..."



మా సందుకు ఎదురుగా మోకాలి లోతు నీళ్ళు. స్కూటరు ఆగిపోయింది. ఇక రోడ్డు నడిచి దాటాలి. ఆమె అంచున నిలబడిపోయింది.

"ఆగకూడదమ్మా, వెనక్కి అడుగెయ్యకూడదు. మెల్లగా నడుస్తూ పో. బళ్ళే తప్పుకుంటాయి."

"చిన్నప్పుడు గెంతుతూ దాటేదాన్ని. మర్చిపోయాను."

ఆమె రోడ్డు మీదికి అడుగు వెయ్యడం, హారన్ వినగానే వెనక్కి తీసుకోవడం. చివరికి చెయ్యి పట్టుకుని దాటించాను. ఆమెను సందులోకి పంపి, మళ్ళీ రోడ్డు దాటి, నీళ్ళలో ఉన్న స్కూటరును టీకొట్టు పందిరి కిందికి తోసి వచ్చాను.

సందులో అడుగు పెట్టేసరికి పేటికకు మేకులు కొట్టే సుత్తి చప్పుడు వినిపించింది.

అక్క ఇంటి బయట కుయెన్ గోడ వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. శాలువా సంచి చేతిలో అలాగే ఉంది. నేను తాన్‌ను రెక్క పట్టుకుని లాగాను.

"పిన్నిని లోపలికి రానివ్వలేదేంరా?"

"అమ్మ పుట్టింది కుక్క పేరున్న సంవత్సరం బాబాయ్. పిన్ని పుట్టింది డ్రాగన్ సంవత్సరం, ఆ రెండిటికీ పడదు. మూత పడేటప్పుడు ఆ ఏడు పుట్టినవాళ్ళు చూడకూడదన్నారు పెద్దాయన. పిన్ని పుట్టిన ఏడు నేనే లెక్క చూసి చెప్పాను."

"ఏ లెక్కరా? ఇంగ్లీషు క్యాలెండరు లెక్కా? మన ఏడు మారేది పండక్కి, ఆవిడ అంతకు నాలుగు రోజుల ముందే పుట్టింది. డ్రాగన్ ఇంకా రాలేదు. ఆవిడది ముందరి పిల్లి సంవత్సరం."

తాన్ వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. 

మూత మళ్ళీ తీయమని పెద్దాయన్ను అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పడిన మూత తీస్తే ఇంటికి మంచిది కాదు హావ్. నీకు తెలియనిదా."

తెలుసు. ఈ లెక్కలన్నీ పెద్దలు మన మేలు కోరి పెట్టినవేనని నమ్మి బతికినవాణ్ణి నేను. ఇప్పటికీ నమ్ముతాను. అయినా ఆ పూట బుద్ధుణ్ణి ఒకటి అడిగాను. ఆమెది పిల్లి సంవత్సరమని మాకైతే సమయానికి తెలియలేదు, నీకు తెలుసు కదా స్వామీ. ఒక్క మేకు వంకర పోనివ్వలేకపోయావా?

కుయెన్ దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకు ఆపారో అడగలేదా అమ్మా?"

"అడగడం దేనికన్నా? ఇన్నేళ్ళు రాలేదు కదా, అందుకని అనుకున్నాను. న్యాయమే అనిపించింది."

లెక్క తప్పిన సంగతి దాచలేక చెప్పేశాను. ఆమె గోడ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"అయితే నేను చూడొచ్చా?"

"ఇందాకైతే చూడొచ్చమ్మా."

ఆమె తల ఊపింది. సంచి నా చేతిలో పెట్టి సందు దాటి వెళ్ళింది. పిలిస్తే పలకలేదు. ఆమె వెనకే పరిగెత్తాను. అప్పటికే రోడ్డు మీదికి దిగింది. ఆగలేదు, వెనక్కి అడుగు వెయ్యలేదు, అటూ ఇటూ చూడలేదు. బళ్ళు నీళ్ళలా చీలి ఆమెను తప్పుకుని పోయాయి.

అవతల టీకొట్టు పందిరి కింద, ఆగిపోయిన నా స్కూటరు వెనక సీటు ఎక్కి కూర్చుంది. ముందు ఎవరో బండి నడుపుతుంటే చొక్కా పట్టుకున్నట్టు పిడికిలి బిగించింది.