ఓబులేసు చీటీ

రేకు విప్పి, నాలుగు స్క్రూలనూ ఊరగాయ సీసా మూతలో వేసి, నాలుగూ పడ్డాయో లేదో ఓబులేసు వేలితో కదిపి చూసుకున్నాడు. ఇరవై అయిదేళ్ళ పనిలో ఆ మూతలోంచి ఒక్క స్క్రూ తప్పిపోలేదు. తర్వాత చొక్కా జేబులోంచి బ్రష్షు తీసి, కంప్యూటరు పెట్టెలో పేరుకున్న దుమ్మును ఒక మూలకు తోయడం మొదలుపెట్టాడు. పొద్దున తొమ్మిదిన్నరే అయినా మైదుకూరు ఎండ అప్పుడే షట్టరు దాటి లోపలికి వచ్చి కూర్చుంది.

పెట్టె శివానిది. పెళ్ళి వీడియోలు కత్తిరించి, పాటలు కలిపి స్టూడియోలవాళ్ళకు ఇస్తుంది. ఆరు నెలల కింద ఓబులేసే ఆ కంప్యూటరు కట్టి ఇచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోకుండా టేబులుకు అవతల నిలబడే ఉంది.

"మూడువేల రెండొందల స్పీడు మెమరీ అని చెప్పి ఇచ్చినావు గదన్నా," అంది. "ఇదేమో రెండువేల నూట ముప్పై మూడే చూపిస్తాండాది. ప్రొద్దుటూరులో నాతో పనిచేసే ఆయన చూసి, నిన్నెవరో బాగా మోసం చేసినారమ్మా అన్నాడు."

ఓబులేసు బ్రష్షు ఆపాడు. మోసం అన్న మాట తన గురించి ఎవరైనా అనగా ఆయన ఎప్పుడూ వినలేదు.

"వేసింది మూడువేల రెండొందలదేమ్మా. ఇదో, స్టిక్కరు చూడు."

"మరి పరిగెత్తదేమి?"

"నేనే పరిగెత్తనీలేదు."

"ఎందుకన్నా?"

దానికి ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒకటుంది. ఎండకాలం, కరెంటు నిలకడ లేదు, మిషన్ నాలుగు కాలాల పాటు ఉండాలంటే ఒక మెట్టు కింద నడపాలి. పదేళ్ళుగా ఎవరు అడిగినా అదే చెబుతున్నాడు. కానీ ఈ అమ్మాయి ముఖం చూస్తూ అది చెప్పలేక, మళ్ళీ బ్రష్షు ఆడించాడు.

"రేపు పొద్దన్నే పెండ్లివాళ్ళకు వీడియో ఇయ్యాల," అంది శివాని. "సాయంత్రం ఐదుకు వస్తా. దాని వేగం దానికి వస్తే సరే. లేకుంటే నువ్వు పెట్టిన మెమరీ నువ్వే పెరుక్కో." అని స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

ఓబులేసుకు యాభై రెండేళ్ళు. సన్నటి మనిషి. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే వైండింగు తీగతో కట్టుకున్నాడు, అది అట్లాగే నాలుగేళ్ళయింది. ఎడమ బొటనవేలి గోరు చిన్నప్పుడే నల్లబడింది. కమలాపురం దగ్గరి పల్లెలో వాళ్ళ నాయన కాలిపోయిన బోరు మోటర్లకు తీగ చుట్టేవాడు, ఆ సుత్తి దెబ్బ అది. నాయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఓబులేసుకు మిగిలింది ఒకే అలవాటు. మోటరు మూసేముందు ముసలాయన ఒక కాగితం పీలిక మీద ఎన్ని చుట్లు చుట్టాడో, ఏ తీగ వాడాడో, ఏ తేదీనో రాసి లోపల దూర్చేవాడు. మళ్ళీ కాలితే, విప్పినవాడికి తెలియాలి కదా. కాలి వచ్చాక, ఎందుకు కాలిందో తేలితే అదే పీలిక కింద 'కారణం' అని రాసి ఒక మాట చేర్చేవాడు. కారణం తెలియకుండా మోటరు కట్టేవాడు మెకానిక్కు కాదు, కూలోడు అనేవాడు.

ఓబులేసు మోటర్లు వదిలేసి కంప్యూటర్లలోకి వచ్చినా చీటీ మాత్రం వదల్లేదు. ఈ ఊళ్ళో ఆయన కట్టిన ప్రతి పెట్టెలోనూ, రేకు వెనక టేపుతో అంటించిన చీటీ ఒకటి ఉంటుంది. తేదీ, గది వేడి, మెమరీ వేగం, కింద ఓబులేసు. ఆ వేగం అంకె పదేళ్ళుగా స్టిక్కరు మీది అంకెను అందుకోలేదు. కొత్త మెమరీ కడ్డీ ఏదైనా, పెట్టగానే భయంభయంగా తక్కువ వేగంతోనే లేస్తుంది. సెట్టింగుల్లోకి పోయి ప్రొఫైల్ అనే ఒక్క వరుసను ఆన్ చేస్తేగాని దాని అసలు వేగం దానికి రాదు. ఓబులేసు ఆ వరుస జోలికి పోడు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలంటాడు. పక్కన పైపుల కొట్టు కంబన్న ఆయనకు ఎద్దులబండి ఇంజనీరని పేరు పెట్టాడు. ఓబులేసు కోప్పడడు. కోపం కూడా ఒక మెట్టు కిందే పెట్టుకున్న మనిషి.

అయితే ఆయన పుట్టుకతో అట్లాంటివాడు కాడు. పదేళ్ళ కింద ఇదే గదిలో నెట్ సెంటరు నడిపేటప్పుడు మంచి దూకుడుగానే ఉండేవాడు. ఆ మే నెలలో కొత్తగా ఒక మిషన్ కట్టి, ప్రొఫైల్ ఆన్ చేసి, ఊళ్ళోకెల్లా వేగమైన కంప్యూటరు అని అందరికీ చూపించాడు. అది టీచరు పోస్టులకు దరఖాస్తు పెట్టడానికి చివరి రోజు. భార్య నాగలత ట్రైనింగు చేసి పదిహేనేళ్ళు ఆ నోటిఫికేషన్ కోసం కాచుకుంది. సాయంత్రం నాలుగుకు, ఆమె షట్టరు బయట కూర్చుని ఉండగా, ఆయన దరఖాస్తు నింపుతుంటే మిషన్ ఆగిపోయింది. మళ్ళీ లేపితే మళ్ళీ ఆగింది. మిగతా రెండు మిషన్ల మీద జనం తేనెటీగల్లా మూగి ఉన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటులాగా అప్పుడే కరెంటు పోయింది. అన్నీ మళ్ళీ లేచేసరికి గడువు దాటిపోయింది.

"సర్వరు పడిపోయింది మే," అన్నాడు ఓబులేసు భార్యతో. ఆ ఒక్క అబద్ధం. మర్నాడు ప్రొఫైల్ ఆపి చూస్తే మిషన్ ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. నా భార్య ఉద్యోగం నా వేగం పిచ్చి తినేసిందని ఆయన ఆ రోజే తేల్చుకున్నాడు. తర్వాత ఇంకో నోటిఫికేషన్ వచ్చినా నాగలత రాయనంది. ఎందుకని అడిగే మొహం ఆయనకు లేకపోయింది. ఆమె వరండాలో ట్యూషన్లు చెప్పుకుంటోంది, ఆయన పెట్టెల్లో తక్కువ అంకెలు రాసుకుంటున్నాడు.

కంబన్న పంపిన టీ చల్లారిపోతుండగా ఓబులేసు శివాని మిషన్‌ను తెరకు తగిలించాడు. ముందు అందులో ఉన్న ఒక పెళ్ళి పాట వీడియోను పాత వేగంతోనే తయారుచేయించి, చేతి గడియారంలో చూసుకున్నాడు. నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ప్రాసెసర్ వేగం ఎంతుందో పక్కన రాసుకున్నాడు. తర్వాత సెట్టింగుల్లోకి పోయి, ఎప్పుడూ దాటిపోయే ఆ వరుస దగ్గర ఆగాడు. ఆన్ అని నొక్కాడు.

తెర మధ్యలో ఒక చిన్న పెట్టె లేచింది. మెమరీతో పాటు ప్రాసెసర్‌కు ఉన్న పరిమితులు కూడా ఎత్తేయమంటావా, అలా చేస్తే వేడి పెరుగుతుంది, అవునా కాదా అని అడుగుతోంది.

ఓబులేసు ఆ ప్రశ్నను మూడుసార్లు చదివాడు. పాత మదర్‌బోర్డులు ఇట్లా అడిగేవి కావు. అంటే ఇవి రెండు వేరువేరు. మెమరీని ఎత్తడం ఒకటి, ప్రాసెసర్ పగ్గాలు వదిలేయడం ఇంకొకటి. ఆ పాత బోర్డు ఒకటి అడిగితే చెప్పకుండా రెండూ చేసేసింది. మే నెల ఎండలో, ఫ్యాను కూడా సరిగా లేని పెట్టెలో, ప్రాసెసర్ ఉడికిపోయి తనను తాను ఆపుకుంది. పాపం మెమరీ తన పని తాను చేసుకుంటూ ఉంది. ఆయన పదేళ్ళుగా తప్పు కడ్డీని తిట్టుకున్నాడు.

కాదు అని నొక్కాడు.

పాట మళ్ళీ పెట్టాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు. ప్రాసెసర్ అంకె మాత్రం ఇందాకటిదే, వెంట్రుకవాసి పెరగలేదు. వేడి కూడా రెండు డిగ్రీలు అటూ ఇటూ, అంతే. ఓబులేసు నవ్వుకున్నాడు. మేస్త్రీ చెయ్యి ఎప్పటిలాగే ఆడుతోంది, ఇటుకలు అందించేవాడు చురుగ్గా ఉన్నాడు, గోడ తొందరగా లేస్తోంది. ఇంత చిన్న సంగతి కోసం పదేళ్ళు పట్టిందా అని ఆయనకు ఏడుపు కూడా వచ్చింది.

మెమరీని పరీక్షించే ప్రోగ్రాము పెన్‌డ్రైవులోంచి మొదలుపెట్టి, నాలుగు రౌండ్లకు పెట్టి, షట్టరు సగం దించి ఒంటిగంటకు ఇంటికి నడిచాడు. దారిలో ఎడమ భుజం లాగితే, పొద్దున పెట్టె ఎత్తినందుకేమో అనుకున్నాడు.

నాగలత మిద్దె మీద ఎండబెట్టిన వడియాలను తిరగేసి అప్పుడే దిగింది. సంగటి ముద్ద పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసి, ఎదురుగా కూర్చుంది. ఓబులేసు ముద్ద ముట్టుకోలేదు.

"ఆ పొద్దు సర్వరు పడిపోలేదు మే," అన్నాడు.

"ఏ పొద్దు?"

"నీ దరఖాస్తు పొద్దు. మన మిషన్నే ఆగిపోయినాది. నేను వేగం ఎక్కువ పెట్టి చెడగొట్టినా. నీకు అబద్ధం చెప్పినా."

నాగలత చేతిలోని చెంబు కింద పెట్టింది.

"అట్లయితే నా ఫోటో వల్ల కాదా?"

"ఫోటో ఏంది?"

"నేను పెద్ద ఫోటో తెచ్చినా గదబ్బా. చిన్నది తెమ్మని నువ్వు ముందురోజే చెప్పినావు. నేను మర్చిపోయి పెద్దది తెచ్చినా. నువ్వు దాన్ని చిన్నది చేస్తా కూర్చున్యావు. అంతలో సర్వరు పడిపాయ, టైమైపాయ. నా అజాగ్రత్తతో నేనే పోగొట్టుకున్యా, ఇంగ ఏ మొగం పెట్టుకుని మళ్ళీ రాసేది అనుకున్యా."

"అందుకా రాయనంటివి?"

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుని, "పదేండ్లు," అంది. "ఒక ఇంట్లోనే ఉండాం గదా, ఒక్కసారన్నా అడగొద్దా నువ్వు?"

"నువ్వన్నా అడగొద్దా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఓబులేసు లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆయన అట్లా చెయ్యి పెట్టి చాలా కాలమైంది. "ఫోటో చిన్నది చేసేది అర నిమిషం పని మే. నీదేం లేదు," అన్నాడు.

"తిని పో," అంది నాగలత. సగం ముద్ద తిన్నాడు. గుండెల్లో మంటగా ఉందంటే మజ్జిగ ఇచ్చింది. అదీ తాగి చెప్పులేసుకున్నాడు. వీధి మలుపు దాకా ఆమె గడపలో నిలబడి చూసింది. మామూలుగా అట్లా చూసే మనిషి కాదు.

మూడు గంటలకు పరీక్ష ముగిసింది. నాలుగు రౌండ్లు, ఎర్రర్లు సున్న. ఓబులేసు శివానికి ఫోన్ చేసి, "వచ్చి తీసకపోమ్మా. మూడువేల రెండొందలూ వస్తాండాది. ఇన్నాళ్ళూ తప్పు నాదే," అన్నాడు. కొత్త చీటీ రాశాడు. తేదీ, గది వేడి ముప్పై తొమ్మిది, మెమరీ 3200, ప్రాసెసర్ పాత వేగమే. దాన్ని రేకు వెనక అంటించి, మూడు స్క్రూలు బిగించాడు. నాలుగోది బిగించకుండా టేబులు సొరుగు తెరిచి ఏదో వెతికాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

నాలుగున్నరకు కంబన్న టీ పట్టుకొచ్చి, "ఏమప్పా ఇంజనీరూ, నిద్రపోతాండావా?" అని పిలిచాడు. రెండోసారి పిలిచాక గ్లాసు టేబులు మీద పెట్టి, భుజం పట్టుకుని చూసి, మెల్లగా ఫ్యాను ఆపాడు. ఎందుకు ఆపాడో ఆయనకే తెలియదు.

దినాలు ముగిశాక, పన్నెండో రోజున నాగలత కొట్టు తెరిచింది. శివాని వచ్చి తన పెట్టె ఎత్తుకుంటూ, ఒక స్క్రూ లేదక్కా అంది. ఆ పెండ్లివాళ్ళు వేరే చోట వీడియో చేయించుకున్నారని, పోతే పోయిందిలెమ్మని కూడా అంది. వెళ్ళేముందు గడప దగ్గర నిలబడి, "అన్నను ఆ పొద్దు శానా మాటన్యా," అని ఏడ్చింది. నాగలత ఆమెను పంపి, స్క్రూ కోసం ఊరగాయ సీసా మూత దగ్గరికి లాక్కుంది.

మూతలో స్క్రూ ఉంది. దాని కింద మడతలు పడి పసుపెక్కిన చీటీ ఒకటి ఉంది. పదేళ్ళ నాటి తేదీ, 1600, ప్రొఫైల్ ఆన్, ఓబులేసు అని వెలిసిపోయిన నీలం సిరా. దాని కింద కొత్త నల్ల సిరాతో, అదే గుండ్రటి చేతిరాతతో, 'కారణం: ప్రాసెసర్ వేడి. మెమరీ కాదు. ఫోటో కాదు.'