గుల్లబారిన మంచు

నేను ఒక గునపాన్ని. మీ పొలాల్లో గుంతలు తీసే గునపంతో నాకు దూరపు చుట్టరికమే తప్ప పనిలో పొత్తు లేదు. మట్టిని నేను ఎరిగింది తక్కువ. నా బతుకంతా మంచుగడ్డ మీదే గడిచింది. కెనడా ఉత్తరాన, ఏడాదిలో ఆరు నెలలు చెరువులూ వాగులూ రాయిలా బిగుసుకుపోయే అడవుల్లో, క్రీ జాతి మనుషుల చేతుల్లో పెరిగాను.

అంతకుముందు ఒక పాత లారీకి కమాను పట్టీగా ఉండేదాన్ని. గతుకుల దారిలో విరిగి, రోడ్డు పక్కన పడ్డాను. రేవు దగ్గర కొలిమి పెట్టుకున్న ముసలి కమ్మరి నన్ను ఏరుకొచ్చి, కాల్చి, సాగగొట్టి, ఉలిలా అంచు తీశాడు. మనిషెత్తు కర్ర పిడి తొడిగాడు. చేయించుకున్నవాడి పేరు బాతీస్త్. "పదును నిలుస్తుందా?" అని అడిగాడు. "నువ్వున్నన్నాళ్లూ నిలుస్తుంది పో" అన్నాడు కమ్మరి. మనుషులు వస్తువుల ఆయుష్షు లెక్కగట్టేటప్పుడు తమ ఆయుష్షు మాట మరిచిపోతారు. పదకొండు చలికాలాలు తిరిగేసరికి బాతీస్త్ ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. నా పదును అలాగే ఉంది.

ఆ తరవాత నన్ను అతని భార్య ఫిలొమెన్ అందుకుంది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. పిల్లలు లేరు. భర్త వేటాడిన చెరువుల్లోనే తానూ వేటాడుతానంది. ఊళ్లో కొందరు మూతి విరిచారు. ఒక్క చలికాలం గడిచాక ఆ మూతులు మామూలయ్యాయి.

మా వేట బీవర్ల కోసం. మీరు చూసి ఉండరు. పందికొక్కును కుక్కంత పెంచి, తోకను పడవ తెడ్డులా చదును చేస్తే బీవరు. చెట్లు కొరికి పడగొట్టి, పుల్లలూ బురదా కలిపి వాగుకు అడ్డంగా కట్ట కడుతుంది. నీళ్లు నిలిచి చెరువవుతుంది. ఆ చెరువులో పుల్లలతో ఇల్లు కట్టుకుని, చలికాలానికి తిండి కొమ్మలు నీటి అడుగున దాచుకుంటుంది. ఇంటి గుమ్మం నీటి లోపలే ఉంటుంది. పైన మంచు మూసుకున్నాక, ఆ గుమ్మం నుంచి కొమ్మల కుప్ప దాకా రోజూ ఈదుతూ బతుకుతుంది. ఆ ఈత దారి మీదే మనిషి కన్ను.

ఫిలొమెన్ నాతో మంచును తడుతూ నడిచేది. మందపు మంచు ఠంగుమంటుంది. కింద బీవర్లు మసలే చోట మంచు పలచబడి బొంగురుగా పలుకుతుంది. అక్కడ బొక్క కొట్టి, ఎండు కర్రకు తీగ ఉచ్చులు కట్టి, ఎరగా పచ్చికొమ్మ పెట్టి దించేది. పచ్చి కర్రయితే బీవరు కర్రనే తినేస్తుంది. ఉచ్చులో పడిన బీవరు నీటిలోనే ఊపిరాడక చచ్చిపోయేది. దాన్ని పైకి లాగినప్పుడు ఆమె దాని తల నిమిరేది. ఒక ఇంట్లో ఎన్ని ఉన్నా రెండింటిని వదిలేసేది. "అన్నీ ఊడ్చేస్తే వచ్చే ఏడు చెరువు మొహం ఎలా చూస్తాం?" అనేది.

ఆమెతో పాటు వేటకొచ్చేది మరిది జకారీ. బాతీస్త్ తమ్ముడు, నలభై ఏళ్లవాడు. మాటకారి, మంచివాడే. కాని వదిన ఉచ్చులో పడ్డన్ని బీవర్లు అతని ఉచ్చులో పడేవి కావు. దుకాణం దగ్గర మగవాళ్లు నవ్వేవాళ్లు. అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం గొడ్డలి నూరుకునేవాడు.

ఆ జనవరిలో ఒక వారం విపరీతమైన చలి పట్టింది. చెట్లు పగిలిన చప్పుడు తుపాకీ పేలినట్టు వినిపించేది. తరవాత రెండు రోజులు మంచు కురిసి అడుగుజాడలన్నీ కప్పేసింది. మూడో రోజు పొద్దున్నే ఇద్దరూ తూర్పు చెరువుకు బయల్దేరారు. ఆ చెరువులో అప్పటిదాకా ఎవరూ ఉచ్చు దించలేదు.

అడవిలో అలికిడి లేదు. చెరువు గట్టున ఫిలొమెన్ ఆగింది. బీవరు ఇంటి నెత్తిన ఎప్పుడూ లోపలి వెచ్చని ఊపిరి తగిలి పొగలా ఆవిరి లేస్తుంది, చుట్టూ పుల్లలకు తెల్లటి నూగు పడుతుంది. ఆ రోజు ఆవిరి లేదు.

"జకారీ, ఇల్లు చల్లారిపోయిందేమిటి?"

"చలికి అలాగే ఉంటుందిలే వదినా. పొద్దెంతసేపు ఉంటుంది? పద, కానిద్దాం" అని అతను కర్రల మోపు భుజానేసుకుని చెరువులోకి దిగాడు. వదిన ముఖం చూడలేదు.

ఆమె గట్టు నుంచి నాలుగడుగులు వేసి నాతో ఒక దెబ్బ కొట్టింది. ఠంగుమనలేదు. బొంగురుగా కూడా పలకలేదు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డుబ్బుమని, ఆ మోత చెరువు ఆ చివరిదాకా పరుగెత్తింది. నా పిడి మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. ఇన్నేళ్లలో అలాంటి చప్పుడు మేమిద్దరం వినలేదు.

"ఆగు! జకారీ, అక్కడే ఆగు! కింద నీళ్లు లేవు!"

అతను తిరిగి చూశాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు, భయమే ఉంది. తలుపు తెరుచుకున్నట్టు అతని కాళ్ల కింద మంచు పలక ఒకటి లోపలికి వంగింది. అతను, మోపు, పలక అన్నీ కలిసి కిందికి జారిపోయాయి. పక్క పలకలు విరిగి ఆ గుంతనే పూడ్చేశాయి.

ఫిలొమెన్ పొట్ట మీద పాకుతూ వెళ్లింది. అంచు చిటచిటలాడేసరికి వెనక్కి జరిగింది. కింద నుంచి నీళ్ల గలగల వినిపిస్తోంది. చెరువు ఎక్కడికో పారిపోతోంది. మంచు పైకప్పులా నిలిచింది, దాని కింద మనిషి నడుమెత్తు చీకటి, ఆ కింద పారే నీళ్లు.

"జకారీ!"

ఆమె లేచి చెరువు చుట్టూ గట్టు వెంట పరుగెత్తింది. బీవరు ఇంటి వైపు, మంచు ఒడ్డున ఆనుకుని గట్టిగా ఉన్నచోట మోకరిల్లి, నాతో మూడు దెబ్బలు కొట్టింది. చెవి ఆనించి విన్నది. జరిగి మళ్లీ మూడు. నాలుగోచోట, ఆమె మోకాళ్ల కిందనుంచే, మూడు దెబ్బలు తిరిగొచ్చాయి.

కర్ర ముక్కతో లోపలినుంచి కొడుతున్నాడు. చీకట్లో తడుముకుంటూ ఎగువకు పాకి, బీవర్ల పాత గుమ్మం దగ్గర చిక్కుకున్నాడు.

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. అక్కడ మంచు మూరెడు మందం. బీవరుకు బొక్క చేయడం వేరు, మనిషి పట్టేంత చేయడం వేరు. పెళ్లలు ఆమె మొహాన చిట్లేవి, కనుబొమ్మల మీద గడ్డకట్టేవి.

"మాట్లాడు జకారీ! నోరు మూయకు!"

"కాళ్లు తెలియడం లేదు వదినా."

"కాళ్ల సంగతి తరవాత. మీ అమ్మ పాట పాడేదిగా, అది పాడు."

అతను పాడాడు. రెండు చరణాల తరవాత మాటలు ముద్దగా అయ్యాయి. తరవాత పాట ఆగి దెబ్బలే వినిపించాయి. మూడు. కాసేపటికి రెండు. తరవాత ఏమీ లేదు. పొద్దు చెట్ల తలల మీదికి వాలింది. ఆమె ఏడవలేదు, దేవుణ్ని పిలవలేదు. "ఊఁ, ఊఁ" అంటూ నన్నెత్తి వేసింది. ఎన్నో దెబ్బకో నేను అవతలికి దిగాను. తడిసిన బొచ్చుటోపీ ఒకటి నా అంచుకు తగిలింది.

వెంట లాక్కొచ్చిన జారుబండి తాడు అతని చంకల కిందుగా ఎలా వేసిందో ఆమెకే తెలియాలి. నన్ను బొక్కకు అడ్డంగా పెట్టి, తాడు నా మీదుగా తిప్పి, కాళ్లు తన్నిపెట్టి లాగింది. నా పిడి నిలువునా చీలింది, విరగలేదు. అతను బయటపడ్డాడు. ఊపిరి ఉందో లేదో తెలియనంతగా ఉంది.

నిప్పు కావాలి. ఎండు పుల్లల కోసం ఆమె కట్ట దగ్గరికి పరుగెత్తింది. కట్ట నడిమధ్య గొడ్డలితో తెంపిన గండి ఉంది. తెగిన పుల్లలు ఇంకా తెల్లగా ఉన్నాయి. గండిలోంచి నీళ్లు ఆవిరి కక్కుతూ పోతున్నాయి. నీళ్లు తీసేస్తే బీవర్లు దాక్కునే చోటుండదు, చేత్తో ఏరుకోవచ్చు. ఆ జాతి పెద్దలు ఎన్నడూ చేయవద్దన్న పని అది. ఫిలొమెన్ క్షణంసేపు చూసింది. చేతినిండా పుల్లలు విరుచుకుని వెనక్కొచ్చి మంట వేసింది. మరిది తడిబట్టలు ఊడదీసి, తన కోటు కప్పి, పాదాలు తన పొట్టకు హత్తుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు.

జకారీ బతికాడు. పట్నం ఆసుపత్రిలో రెండు పాదాల వేళ్లూ తీసేశారు. వదిన ధైర్యం ఊరంతా చెప్పుకున్నారు. మంచు ఎందుకు గుల్లబారిందో ఎవరూ అడగలేదు. మనుషులకు సాహసం వినడం ఇష్టం, దాని వెనక సంగతి తవ్వడం కష్టం.

ఇప్పుడు నేను జకారీ ఇంటి తలుపు వెనక ఉన్నాను. పిడి చీలికకు తీగ చుట్టి ఉంది, అంచుకు తుప్పు పట్టింది. ఆఖరుగా నాతో చేసిన పని ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

మే నెలలో మంచు కరిగాక అతను వదిన గుమ్మం ముందు చంకకర్రలతో నిలబడ్డాడు. "తూర్పు చెరువుకు తీసుకెళ్లు వదినా" అన్నాడు. ఆమె నన్ను భుజాన వేసుకుంది.

అక్కడ చెరువు లేదు, నల్లటి బురద ఉంది. బీవరు ఇంటి కప్పును నాతో పెకలించింది ఫిలొమెన్. నీళ్లు పోయి బయటపడిన గుమ్మంలోంచి చలి దూరి, లోపల అయిదు బీవర్లు ఒకదాన్నొకటి ఆనుకుని చచ్చి ఉన్నాయి, ఎముకల మీద తోలు. మధ్యలో రెండు పిల్లలు.

జకారీ చంకకర్రల మీద వంగి చూశాడు. "కట్ట తెంపింది నేనే వదినా."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నీ మంటకు పుల్లలు విరిచినప్పట్నుంచి."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"నేనంటే తిట్టవుతుంది. నువ్వంటేనే నిజమవుతుంది" అంది.

వాళ్లలో ఒక ఆచారముంది. బీవరు ఎముకలు నీళ్లలోనే కలపాలి, కుక్కల పాలు చేయకూడదు. అక్కడ నీళ్లు లేవు. నీళ్లున్న దగ్గరి చెరువు మంచి కాళ్లున్న మనిషికి రెండు గంటల దారి. ఆ అయిదింటినీ గోనెపట్టలో మూటగట్టి ఫిలొమెన్ ఎత్తుకోబోయింది. జకారీ ఆమె చేయి పట్టుకుని ఆపాడు. మూట వీపుకు కట్టుకున్నాడు. చంకకర్రలు బురదలో దిగబడుతుంటే అక్కడే పడేసి నన్ను అందుకున్నాడు. నా మీద బరువంతా వేసి ఒక అడుగు, ఆగి మరో అడుగు. పాదాలకు ఇంకా ఉన్న గుడ్డ కట్ల లోంచి రక్తం చెమ్మ పైకి తేలింది.

ముందు నడుస్తున్న ఫిలొమెన్ వెనక్కి తిరిగి చూడలేదు. పద, రా అనలేదు. మూట అందుకుంటాననీ అనలేదు. కాని ఆమె అడుగు క్రమంగా నెమ్మదించి, అతని అడుగుతో సమానమైంది.