పెళ్లికూతురు, పీనుగ దాటే తలుపు

ఇప్పటికీ మనవరాలు బడికి బయల్దేరితే, ఏ తలుపు నుంచి పోతోందో చూసుకుంటాను. ఆ భయం నాకు కువైట్‌లో పట్టుకుంది.

అక్కడ నేను పనిచేసిన ఇంటి యజమానురాలిని మామా అని పిలిచేదాన్ని. ఆమెది హాలండులో సముద్రం పక్కనున్న చిన్న ఊరు. వెయ్యేళ్ల కింద, కరకట్టలు లేని కాలంలో, అక్కడివాళ్లు బురద మోసి దిబ్బ పోసి దానిమీద ఇళ్లు కట్టుకున్నారట. దిబ్బ నెత్తిన చర్చి, చుట్టూ గుండ్రంగా ఒకే వీధి. అన్నం ఉడికేలోపు ఊరు చుట్టి రావచ్చు. పొలాలన్నీ సముద్రం కంటే పల్లం. అట్లాసులో ఆ ఊరు లేకపోతే మామా పెన్సిలుతో చుక్క పెట్టింది. ఆ చుక్క చుట్టూ ఉన్న పేర్లు కూడబలుక్కునే నేను ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను.

ఆ ఊళ్లో ముందు తలుపు రెండింటికే తీస్తారు. పెళ్లికూతురు లోపలికి రావడానికి, పీనుగ బయటికి పోవడానికి. మిగతా రాకపోకలన్నీ వెనక నుంచే. కువైట్‌లోనూ మామా అదే పాటించింది. ఎవరూ నడవక ముందు మెట్ల మీద గాలికి ఇసుక మేట వేసింది.

ఇరాకీ సైన్యం వచ్చిన ఆగస్టులో ఆ ఇసుకే మమ్మల్ని కాచింది. తెల్లవాళ్లను పట్టుకుపోతున్నారని షువైఖ్ రేవులో ఇంజనీరైన బాబా, మామా భర్త, సామాన్ల గదిలో దాక్కున్నాడు. సైనికులు వీధిలో ప్రతి తలుపూ కొట్టారు. అడుగుజాడ లేని మా మెట్లు చూసి, ఖాళీ ఇల్లనుకుని పోయారు.

పక్కింటి కువైటీలు సౌదీకి పారిపోతే వాళ్ల పనిమనిషి వెంకటేశ్వరి మా దగ్గరికి వచ్చింది. మా రాయచోటి పిల్లే.

"వాకిలి కసువు కొట్టని ఇల్లు యాడన్నా ఉంటాదా అక్కా?"

"ఆ ఇసుకే మనకు కావలి మే. దాని జోలికి పోవాకు."

"ఇసుక మూసిన వాకిట్లోకి లచ్చిమి ఎట్లొస్తాది? అందుకే మనకీ గతి."

శుక్రవారం పొద్దున చీపురు చప్పుడుకు లేచాను. మెట్లు కడిగి, రొట్టెల పిండితో ముగ్గు వేసి ఉంది.

"ఇప్పుడు సూడక్కా, ఇల్లు ఇల్లు మాదిరుండాది."

గుప్పిళ్లతో ఇసుక తెచ్చి చల్లాను. గాలి పరిచిన ఇసుక వేరు, చేత్తో చల్లిన ఇసుక వేరు.

ఎండెక్కేసరికి జీపు ఆగింది. తలుపు మీద దెబ్బలు పడ్డాయి. దాచినవాళ్లను ఉరి తీస్తారని మాకు తెలుసు. బాబా తనే గదిలోంచి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుని, కిటికీ దగ్గరికి పోయి అరబ్బీలో కేకేశాడు.

"వస్తున్నా. వెనక నుంచి వస్తా."

సైనికుడు తుపాకీతో ముందు తలుపే చూపించి కదలమన్నాడు. "యల్లా."

తుప్పు పట్టిన గడియ రాలేదు. వాళ్లు తుపాకీ మడమతో గడియ బద్దలు కొట్టారు. ఎప్పుడూ వెలుగు చూడని హాల్లోకి ఎండ వచ్చి పడింది. బాబా ముగ్గు తొక్కకుండా పక్కకు అడుగు వేశాడు. వెనకాల సైనికుల బూట్లు తొక్కుకుంటూ పోయాయి.

నేను తలుపు దగ్గరికి వేయబోతే మామా నా చెయ్యి పట్టుకుంది.

"మా ఊళ్లో పీనుగ పోయాకే ఈ తలుపు మూస్తారు, గురమ్మా. ఆయన బతికే వెళ్లాడు. తెరిచే ఉండనీ."

గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. సాయంత్రానికి ఇసుక గడప దాటి లోపలికి వచ్చింది.