అమ్ముడుపోని రేవు

దీవి మొత్తాన్నీ దీవివాళ్ళే ఒక ధర్మ ట్రస్టు పెట్టుకుని దాని పేర రాసేశారు, ఒక్క రేవు తప్ప. ఇళ్ళు, బడి, ఉప్పుకొట్లు, పాత దీపస్తంభం, ఇక ఏదీ ఎవరూ అమ్మడానికి వీల్లేదు. ఉన్నవాళ్ళు ఉంటారు, పని చేసుకుంటారు, అంతే. రేవు మాత్రం అత్తగారు పోతూ పోతూ కన్నకొడుకుల్ని కాదని పెద్దకోడలికి ఇచ్చింది. ఆవిణ్ణి ఊరంతా రేవు వదిన అంటారు. పడవలు ఆగేది అక్కడొక్కచోటే కనక, రేవు పరాయివాడి చేతిలో పడితే ట్రస్టు ఉండీ లేనట్టే.

వదినకి ఆ సంగతి తెలియక కాదు. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ ఉన్నవి ఆ రాతిమెట్లూ, పక్కనున్న రెండు గదులూ మాత్రమే. వాటిని వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. అందుకే "చూద్దాం, చూద్దాం" అంటూ నెట్టుకొచ్చింది.

ఆ నాన్చుడు పసిగట్టి మరిది ఒక హోటలాయన్ని వెంటేసుకుని దిగాడు.

దీవిలో ఒక పద్ధతుంది. పడవ దిగినవాడు ఉత్త చేతులతో మెట్లెక్కకూడదు. ఎవరిదైనా సరే, ఒక మూటో డబ్బానో పైకి చేర్చాలి. కొత్త పెళ్ళికొడుకైనా కిరసనాయిలు డబ్బా మోయాల్సిందే. హోటలాయన కింద మెట్టు మీదున్న పిండిబస్తాని దాటుకుంటూ వచ్చాడంటే తెలియనివాడు, పోనీలే. మరిది కూడా దాన్ని దాటి, చొక్కా దులుపుకుంటూ పైకొచ్చాడు.

"ఆ బస్తా ఎవరు తెస్తార్రా, మీ తాత తెస్తాడా?"

"కూలివాళ్ళు తెస్తార్లే వదినా. రేవు ఈయనకి అమ్మేసినా ఇల్లు నీదే, పేరూ నీదే. రేవులో హోటలు పడవలు మాత్రమే ఆగుతాయి. మనవాళ్ళంటావా, వెనకవైపు బురదలో దిగుతారు. వాళ్ళకేం, అలవాటేగా!"

వదినకి ఒళ్ళు మండిపోయింది. గబగబా కిందికి దిగి, బస్తా భుజానికెత్తుకుని, ఆ ఇద్దరినీ తోసుకుంటూ తిన్నగా బడికి నడిచింది. ట్రస్టువాళ్ళు అక్కడ కాగితాలు పెట్టుకుని ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నారు. సంతకం పెడుతుంటే ఏడుపొచ్చింది. అయినా పెట్టింది.

వెనకాలే వచ్చిన మరిది గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"బావుంది! సొంతింట్లోనే అద్దెకి చేరావు వదినా. ఇక నీకు మిగిలిందేంటి?"

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుని అతని మొహంలోకి చూసింది.

"అత్తయ్య నీకివ్వలేదని ఇన్నాళ్ళూ కుళ్ళావుగా! ఇప్పుడు రేవు ఇక్కడ పుట్టినవాళ్ళందరిదీ. అంటే నీది కూడా. దమ్ముంటే అమ్ము, చూస్తాను."