నీళ్ల మీద నూనె

తలకు కట్టుకునే గుడ్డ ఉడకబెడుతుంటే నీళ్ల మీద నూనె చుక్కలు తేలాయి. చిన్న చిన్నవి, కందిగింజంత. నేను తలకు నూనె రాసుకుని యాభై రోజులు దాటింది. రాసుకోవడానికి వెంట్రుకలంటూ ఉండాలి కదా. పందొమ్మిది వందల అరవై ఎనిమిది కార్తీకంలో హైదరాబాద్ పెద్ద దవాఖానలో తల నున్నగా గొరిగి, నుదుటిపైన ఎముక తెరిచి, మెదడును ఆనుకుని పెరిగిన నిమ్మకాయంత గడ్డ తీశారు. "సూడు అత్తా, నూనె" అన్నాను. మా అత్త చంద్రవ్వ గిన్నెలోకి తొంగి చూసి, "గిన్నెకు జిడ్డున్నట్టున్నది. నీ తోముడు గంత సక్కదనం మరి" అంది.

నిజమే కావచ్చనుకున్నాను. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఏది చెడినా నా చేతి పనే కాబట్టి నమ్మడం అలవాటైపోయింది. కానీ ఆ గిన్నె గుడ్డకోసమని నేను విడిగా పెట్టుకున్నది. దవాఖాన నుంచి పంపేటప్పుడు నర్సమ్మ నా గదుమ పట్టుకుని మరీ చెప్పింది: "గాయం పూర్తిగా ఆరేదాకా అక్కడ ఎవ్వరి చెయ్యి తగలొద్దు, నీది గూడ. నూనె, పసుపు, కుంకుమ ఏదీ పెట్టొద్దు. గుడ్డ రోజూ ఉడకబెట్టి, ఎండలో ఆరేసి కట్టుకో. తడిది కట్టొద్దు. నీరు కారినా, జ్వరమొచ్చినా ఆ రోజే దవాఖానకు పోవాలె. చీము లోపలికి పోతే మెదడుకు పాకుతది, ఆ తర్వాత మా చేతిలో ఏం ఉండదు." ఆ మాటలు నాకొక్కదానికే చెప్పింది. మా ఆయన రాజారాం అప్పుడు బయట బీడీ కాల్చుకుంటున్నాడు. నేనా మాటలకు ఎంత కట్టుబడ్డానంటే, తల దురదతో ప్రాణం పోతున్నా వేలు పెట్టలేదు. ఇంటికొచ్చిన నాలుగో రోజుకే పొయ్యి, బోళ్లు, బావి నీళ్లు అన్నీ మళ్లీ నా వంతుకొచ్చాయి. "కోసింది తలకాయ గద, చేతులు మంచిగనే ఉన్నయి" అన్నాడాయన. ఆ మాటకు నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

గడ్డ పోతూ పోతూ నా ముక్కునూ తీసుకుపోయింది. ఏ వాసనా తెలియదు. చెరుకు ఆడే రోజుల్లో బోధన్‌లో ఉండి బెల్లం వాసన తెలియకపోవడమంటే చెవిటిదానిలా బతకడమే. అన్నం మాడినా తెలిసేది కాదు. మాఘంలో ఆడబిడ్డ పెండ్లి, ఇంటి నిండా పిండి దంచేవాళ్లు, పసుపు కొట్టేవాళ్లు, వాళ్లందరి ముందూ మా అత్త ఆ మాడిన అన్నం గురించి చెప్పేది. నా తల మీద గుడ్డ కింద ఏం జరుగుతోందో వాసన చూసి తెలుసుకునే దారి కూడా నాకు లేదు.

మర్నాడు గిన్నెను బూడిదతో మూడుసార్లు తోమాను. ముందు ఉత్త నీళ్లు మరిగించాను. ఏమీ తేలలేదు. తర్వాత గుడ్డ వేశాను. మళ్లీ నూనె. చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరుకు బండ్లు తూచి సాయంత్రం ఇల్లు చేరిన ఆయనతో చెప్పాను. ఆయన నా ముఖంలోకి జాలిగా చూశాడు. "తలకాయ తెరిసిండ్రు గద వసంతా. లేనివి కనబడ్తయని డాక్టర్ సాబ్ అప్పుడే చెప్పిండు. మనసుల పెట్టుకోకు." డాక్టరు అలా చెప్పినట్టు నాకు గుర్తు లేదు. అయితే గుర్తు లేకపోవడం కూడా గడ్డ పనేనేమో! అప్పుడు పుట్టింది అసలు భయం. ఇంట్లోవాళ్లను అనుమానించాలా, నా కళ్లను అనుమానించాలా? రెండు రోజులు ఎవరితో మాట్లాడినా వాళ్ల చేతులే చూస్తూ ఉండిపోయాను.

గోడ అవతలి దేవవ్వ చెరుకు కోతకు పోయే మనిషి, ఉన్నదున్నట్టు అనేస్తుంది. నిప్పుకోసం వచ్చినప్పుడు విప్పిన గుడ్డ ఆమె చేతిలో పెట్టి వాసన చూడమన్నాను. "ఆముదమక్కా. గుంటగలగరాకేసి కాసిండ్రు, ఎంటికలు పెరుగుతందుకు పెడ్తరు సూడు, గదే" అంది. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం చిట్లించింది. "కింద ఇంకో వాసనున్నది. గిది మంచిది గాదక్కా." అప్పటికి రెండు రోజులుగా నాకు చలి పెడుతోంది. పుష్యమాసం చలి అనుకున్నాను.

అంటే నా కళ్లు అబద్ధం చెప్పలేదు. ఏడుపు, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. ఇంక ఎవరన్నదే తేలాలి. ఫిట్స్ రాకుండా ఇచ్చిన గోళి మధ్యాహ్నం తిండి తర్వాత వేసుకుంటే మొద్దు నిద్ర పట్టేది. ఆ రోజు దాన్ని నాలుక కింద దాచి, బయటికి పోయి ఉమ్మేసి, వచ్చి కళ్లు మూసుకుని పడుకున్నాను. అత్తే అని నా మనసు ఎప్పుడో తీర్పు చెప్పేసింది. కాసేపటికి అడుగుల చప్పుడైంది. ముడి విప్పారు. కుట్లు విప్పిన చోట వేళ్లు పడ్డాయి. గరుకు వేళ్లు, ఒకదానికి ఉంగరం.

అవి ఆయనవి. పదకొండేళ్ల కాపురంలో జ్వరమొచ్చినప్పుడు కూడా నా నుదుటి మీద పడని చెయ్యి. ఎంత మెత్తగా రాస్తున్నాడంటే ఒక్క క్షణం అట్లాగే పడుకుని ఉందామనిపించింది. ఆ మెత్తదనానికే నాకు దుఃఖం ఆగలేదు.

కళ్లు తెరిచాను. పక్కన మా అత్త నూనె గిన్నె పట్టుకుని ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "నీ మంచికే" అన్నాడు.

"వచ్చే నెల పోరి పెండ్లి. రెంజల నుంచి పెండ్లికొడుకు తరపోళ్లు వచ్చి ఇంటి పెద్దకోడలు బోడిగున్నది సూస్తే ఏమనుకుంటరు? ఎంటికలు రావద్దా?" అంది అత్త.

ఉతికిన చీర కొంగు గాయం మీద అద్ది చూశాను. పచ్చగా, చిక్కగా అంటుకుంది. ఇద్దరికీ చూపించాను. "లేనివి కనబడ్తున్నయన్నరు గద. గిది మీకు గూడ కనబడుతున్నదా?" అని అడిగాను. ఆయన నూనె చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. నూనె రాసినందుకైతే క్షమించేదాన్నేమో, తెలియక చేశాడని. ప్రతి మధ్యాహ్నం కాంటా నుంచి తిండికొచ్చి తన చేత్తో రాసి, సాయంత్రం నాకు పిచ్చి పట్టిందని నన్నే నమ్మించాడు.

"దవాఖానకు రేపు పోదాం. ఇయ్యాల ఇంట్ల సుట్టాలున్నరు" అన్నాడు.

దవాఖాన చిట్టీ పెట్టెలోంచి తీసి రవికలో దోపుకున్నాను. ఉడకబెట్టిన గుడ్డ దండెం మీద ఇంకా తడిగానే ఉంది. నూనెది మళ్లీ కట్టే ప్రశ్నే లేదు. తల అట్లాగే వదిలేసి, నిజామాబాద్ బస్సు అందుకోవాలని వాకిట్లోకి నడిచాను. పిండి దంచేవాళ్ల రోకళ్లు ఆగాయి. మా అత్త ఉరికొచ్చి గడప దగ్గర అడ్డం నిలబడింది.

"ఎంటికలు లేవు, బొట్టు లేదు, గిట్లనే బజార్ల పోతవా? సూసినోళ్లు నా కొడుకు సచ్చిండనుకుంటరే!"

ఆమె భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపాను.

"అనుకోనియ్యి అత్తా. నేనైతే సావదల్సుకోలే."