ఏడు బాతుల వెనక పక్క

అత్తగారి దుప్పటిని ఎవరు మడిచినా, ఎప్పుడు మడిచినా, వెనక పక్క లోపలికే పోవాలి. ఆ ఇంట్లో అది రాయని చట్టం. పొరపాటున వెనక పక్క ఎవరి కంటైనా పడితే, పరాయివాళ్ళ ముందు సర్దని వంటింటి తలుపు తెరుచుకున్నంత కంగారుగా ఆవిడ దాన్ని తిరగేసేవారు.

దుప్పటి అత్తగారి తల్లి కుట్టింది. తెల్లటి నూలు గుడ్డ, దాని అంచున వరసగా నడిచే ఏడు బాతులు. ఏడుగురు పిల్లలకి ఏడన్నమాట. నల్ల దారంతో వేసిన చిన్న ముడులు వాటి కళ్ళు. ఆవగింజల్లా పైకి ఉబ్బి ఉంటాయి. ఆరు బాతులు బుద్ధిగా ముందుకు చూస్తూ పోతుంటే ఏడోది మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తుంటుంది. అది అత్తగారు.

"మా అమ్మ పని చెబితే నేను వెళ్తూ వెళ్తూ ఆగి, వెనక్కి తిరిగి ఇంకో ప్రశ్న వేసేదాన్నిట. అందుకని అలా కుట్టింది," అని కోడలు కాపరానికి వచ్చిన మొదటి వారంలోనే చెప్పారు. ఇరవై రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. కోడలు కూడా ఇరవై రెండేళ్ళుగా మొదటిసారి విన్నట్టే వింటోంది. ఇద్దరికీ అలవాటైపోయింది.

ఇప్పుడా బాతు ఆవిడకి కనబడదు. చూపు మధ్యలో మచ్చ. ఏది చూడాలనుకుంటే సరిగ్గా అదే మాయమై, చుట్టూ ఉన్న అక్కర్లేనివన్నీ కనిపిస్తాయి. ఎదురుగా కొడుకుని కూర్చోబెడితే రెండు చెవులు కనిపిస్తాయి, మొహం ఉండదు. "పెద్ద నష్టమేం లేదులే," అన్నారు గానీ, బాతు సంగతి మాత్రం పట్టుకున్నారు. బాగా పెద్దవి చేసి చూపిస్తే ఇంకొన్నాళ్ళు ఆనవాలు పట్టగలరని కంటి డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగితే, "ఈ ఏడాది గడుస్తుంది," అన్నాడు. అప్పటికే ఆగస్టు.

సరిగ్గా ఆ వారమే పేపర్లో ప్రకటన పడింది. ఒక మ్యూజియం, ఒక విశ్వవిద్యాలయం, ఒక కెమెరాల ల్యాబు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. ఇళ్ళల్లో మిగిలిపోయిన పాత బట్టలు సేకరించి, దారం దారం లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఫొటోలు తీసి, అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడతాయి. అసలు గుడ్డలు పదిలంగా మ్యూజియంలో ఉంటాయి.

"టీవీకి తగిలిస్తే బీరువా అంత బాతు కనిపిస్తుంది అత్తయ్యా," అంది కోడలు.

"నా దుప్పటి వాళ్ళ దగ్గర పెట్టి, నేను దాని ఫొటో చూడాలా?"

"దుప్పటి చేతిలో ఉన్నా మీకు కనబడటం లేదు కదా."

"నీకు మొహమాటం అనేది బొత్తిగా లేదు."

"మీ దగ్గరే నేర్చుకున్నాను."

అత్తగారు దుప్పటి మీద చెయ్యి వేసి, వేళ్ళతో బాతు కన్ను వెతికి పట్టుకుని, చాలాసేపు దాన్ని వదల్లేదు. నాలుగు రోజులయ్యాక, "బాతు కనిపిస్తుందని నీది పూచీయేనా?" అన్నారు.

"నాదే."

అలా పూచీ పడింది.

ప్రాజెక్టు అమ్మాయి కాలనీ హాల్లో బల్ల వేసుకుని కూర్చుంది. మెడలో గుర్తింపు కార్డు, చేతులకి తెల్ల గ్లవ్సు, మనిషి మెతక. బట్ట ఇచ్చే ప్రతివాళ్ళకీ నంబరు వేసిన వేలెడంత నాడా ముక్క ఇచ్చి, ఒక మూల కుట్టి తెమ్మంది. పిన్ను కూడదు, జిగురు అసలే కూడదు. చరిత్రలో పట్టా పుచ్చుకుని సూదీదారంలో స్థిరపడిన మనిషి కోడలు. కాలనీలో ఆవిడ చేతి కుట్టుకి పేరుంది. ముప్ఫై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తెచ్చి ఆవిడ ఒళ్ళోనే పడేశారు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని అన్నిటికీ కుట్టేసింది, కుట్టు కంటికి కనబడనంత సన్నగా.

ఎటువైపు కుట్టాలని ఆవిడ అడగలేదు, ఇచ్చినవాళ్ళూ చెప్పలేదు. చెప్పడానికేముంది? మంచి పక్క మీద నంబరు కుట్టే మనిషిని వాళ్ళెవరూ ఎరగరు. నంబరన్నది వెనక పక్కకే.

అక్టోబరు చివర్లో ఫొటోల లింకు వచ్చింది. ఆదివారం పొద్దున్నే భర్త కంప్యూటర్ని టీవీకి తగిలించాడు. అత్తగారు తల దువ్వుకుని, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, కుర్చీ టీవీకి మూరెడు దూరంలో వేయించుకున్నారు. మచ్చ పక్కనుంచి చూడాలి గనక మొహం కాస్త కిటికీ వైపు తిప్పారు.

టీవీ నిండా దుప్పటి పరుచుకుంది.

కోడలికి ముందు అర్థం కాలేదు. బాతులున్నాయి. కానీ ఒళ్ళంతా ముళ్ళు లేచినట్టు తెగిన దారపు కొసలు. ఒక బాతు కాలి దగ్గర్నుంచి ఇంకో బాతు మెడ దాకా సాగిన పొడుగు దారాలు. ఏడింటినీ ఒకే తాడుతో కట్టి సంతకి తోలుకుపోతున్నట్టుంది. దేనికీ కన్ను లేదు.

"ఇది వెనక పక్క," అన్నారు అత్తగారు.

మెల్లగానే అన్నారు. భర్త మాత్రం, "తిరగెయ్యడానికి బటనేదో ఉంటుందమ్మా," అని వెతికి, ఉన్న ఒక్క బటనూ నొక్కాడు. బాతులన్నీ ఇటు నడిచేవి అటు నడిచాయి. కళ్ళు మాత్రం రాలేదు.

"కింద ఏదో రాశారు, చదువు," అన్నారు అత్తగారు.

కోడలికి చదవక తప్పలేదు. "బాతుల్ని కలిపే నిరంతర సూత్రం కుటుంబ బంధానికి సంకేతం. కళ్ళు లేకపోవడం గమనార్హం. కళాకారిణి ఉద్దేశపూర్వకంగా..."

"సూత్రమా? ప్రతి బాతు దగ్గరా దారం తెంపితే వృథా అని మా అమ్మ లాగేసింది. ఈ పక్క మా నాన్నకి కూడా చూపించలేదు." కొడుకు వైపు తిరిగి, "ఎంతమంది చూశారట?" అన్నారు.

భర్త కింద మూలన ఉన్న అంకె చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు, అవసరమైనప్పుడు మరీను. "నాలుగు వేల చిల్లర."

అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

మర్నాడు కోడలు మ్యూజియానికి వెళ్ళింది. ఆఫీసరు ముందు మంచినీళ్ళిచ్చాడు. పని కాదని చెప్పదలుచుకున్నవాళ్ళు మర్యాదకి లోటు చెయ్యరు. ప్రాజెక్టు అమ్మాయిని పిలిపించాడు.

"ఫొటోలో నంబరు కనబడాలి ఆంటీ. అది మా రూలు," అంది అమ్మాయి. "నంబరున్న పక్కే ముఖం అనుకుంటాం. పాత బట్ట కదా, ఎక్కువసార్లు విప్పకూడదు. ఒక్కసారి విప్పి, నంబరు పైకి పెట్టి తీసేసి, పెట్టెలో పెట్టి గాలి లాగేస్తాం. మిగతా ఊళ్ళ బట్టలన్నీ సరిగ్గానే వచ్చాయి. అక్కడ నంబర్లు మా వాళ్ళే కుట్టారు. మీ కాలనీవి ముప్ఫై ఎనిమిదీ..." అని ఆగిపోయింది.

కోడలికి అప్పుడు తెలిసింది. ముప్ఫై ఎనిమిది ఇళ్ళ పరువు, పని తెలిసిన తన చేత్తో, శ్రద్ధగా, తిరగేసి కుట్టింది తను.

"పెట్టె ఒకసారి తెరవండి. పది నిమిషాలు. మంచి పక్క తీసి మళ్ళీ మూసెయ్యండి."

"తెరవాలంటే ముగ్గురు భాగస్వాములూ సంతకం పెట్టాలమ్మా," అన్నాడు ఆఫీసరు. "మా సంతకం ఇప్పుడే పెడతాను, దానికేముంది. విశ్వవిద్యాలయం వాళ్ళు కమిటీ కూర్చోవాలంటారు. ల్యాబు వాళ్ళ ఒప్పందం సెప్టెంబరుతో ముగిసింది. కెమెరా వేరే దేశం వెళ్ళిపోయింది."

"నా ఫోనుతో తీసుకుంటాను."

"ఫోను లోపలికి రానివ్వరండీ."

"మరి ఎప్పుడు తెరుస్తారు?"

"మొదటి తనిఖీ ఎనిమిదేళ్ళకి."

ఎనిమిదేళ్ళనే మాట ఆయన ఎనిమిది నిమిషాలన్నంత సుళువుగా అన్నాడు. అత్తగారికి ఏడాది చివరిదాకా చూపుంటుందని కోడలు చెప్పింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, అభ్యంతరాల ఫారం తెప్పించాడు. అందులో రాయడానికి రెండు గీతల జాగా ఉంది. కోడలు "ఇది వెనక పక్క" అని రాసింది. ఇంకా ఒకటిన్నర గీత మిగిలిపోయింది.

వెళ్ళేముందు ప్రాజెక్టు అమ్మాయి ఆవిణ్ణి నడవాలోకి తీసుకెళ్ళి, అద్దంలోంచి చూపించింది. చల్లటి గదిలో బూడిదరంగు పెట్టెలు. మూడో అరలో ఎడమనుంచి ఐదోది. పది అడుగుల దూరం. అందులో దుప్పటి, అత్తగారి రాయని చట్టాన్ని తిరగేసి, మంచి పక్క లోపలికి మడిచే ఉండుంటుంది.

"సారీ ఆంటీ. నేనైనా అడగాల్సింది, ఎటు కుట్టారని."

"నువ్వు అడిగినా వెనకే అని గొప్పగా చెప్పేదాన్నమ్మా," అంది కోడలు.

దారి పొడుగునా ఇంట్లో ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చింది. కమిటీ మీదికి తోసెయ్యొచ్చు. కెమెరా మీదికైతే ఇంకా సులువు, అది దేశంలోనే లేదు. గుమ్మంలోకి వచ్చేసరికి అత్తగారు టీవీ ముందే ఉన్నారు. నిన్నటి బొమ్మ అలాగే వేయించుకున్నారు. కొడుకు పక్కన కూర్చుని, ఆవిడ చెప్పినట్టు బొమ్మని ఇటూ అటూ జరుపుతున్నాడు.

"తెరుస్తారటా?" అన్నారు తల తిప్పకుండా.

"ఎనిమిదేళ్ళకి తెరుస్తారట."

"అలాగా," అన్నారు. ఆవిడ అంతకంటే ఏమైనా అని ఉంటే కోడలికి బాగుండేది.

"నంబరు నేనే కుట్టాను అత్తయ్యా. వెనక పక్క కుట్టాను. నంబరున్న పక్కే తీశారు."

అత్తగారు విన్నట్టు లేదు. "కింది మూలకి పోనీరా. ఇంకా. ఇంకా పెద్దది చెయ్యి," అన్నారు కొడుకుతో. బాతులు పక్కకి తప్పుకుపోయాయి. తెల్లటి నాడా ముక్క తెర నిండా పరుచుకుంది, బీరువా అంత. దాని చుట్టూ చీమల బారులా కుట్లు. అన్నీ ఒకే పొడుగు, ఒకే ఎడం. ఎక్కడా ముడి కనబడదు, కొస కనబడదు.

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పి, ఓరగా, చాలాసేపు చూశారు.

"ఇది కనిపిస్తోంది. ఇదొక్కటే మంచి పక్క వచ్చింది," అన్నారు. "బాగా కుట్టావు."

కోడలు చేతిలో సంచి కింద పెట్టలేదు, అలాగే నిలబడింది. భర్త ఆపేయనా అన్నట్టు భార్య వైపు చూశాడు. కోడలు తను వేసిన కుట్లనే చూస్తోంది.